భూమికి ఇనుము తగలకూడని మూడు రోజులు

ఈ మధ్య కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. "ఇన్నేళ్లు పల్లెల్లో తిరిగారు కదా సార్, మాకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. పనికొచ్చేవి చెప్పడానికి పెద్ద పెద్ద వాళ్లున్నారు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నాకు బాగా గుర్తున్నది కూడా అదే.

మాది కొంటా, శబరి నది ఒడ్డున సరిహద్దు ఊరు. నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. ఆ కొట్లో గల్లా పక్కన కూర్చునే హిందీ, దోర్లీ, కాస్త గోండీ, ఇంకాస్త హల్బీ నేర్చుకున్నాను. చదువు పెద్దగా అబ్బలేదు గానీ ఆ భాషల పుణ్యమా అని ఒక యువజన సంస్థలో ఉద్యోగం దొరికింది. దేశదేశాల నుంచి కుర్రవాళ్లు సెలవుల్లో మా సంస్థ ద్వారా వచ్చి, పల్లెల్లో ఏదో ఒక పని చేసి వెళ్తారు. వాళ్లకు బస, తిండి, పని చూపించడం, వాళ్ల మాట ఊరివాళ్లకూ ఊరి మాట వాళ్లకూ చెప్పడం నా ఉద్యోగం. ఇంగ్లీషు ఆ పిల్లల దగ్గరే పట్టుబడింది. నా ఇంగ్లీషు ఏ దేశానిదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

చాలా ఏళ్లు ఆ పిల్లల్ని జగదల్‌పూర్ చుట్టుపక్కలే తిప్పాం. ఇటువైపు అడవిలో తుపాకుల గొడవ, తీసుకొచ్చే పరిస్థితి ఉండేది కాదు. నేను రిటైరవ్వాల్సిన సంవత్సరం మాత్రం కొంటా వైపు క్యాంపు పెట్టడానికి మొదటిసారి అనుమతి వచ్చింది. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు నేను చేసిన హడావిడి చూసి మా ఆవిడ, "పెళ్లినాడు కూడా ఇంత సంబరపడలేదు" అని దెప్పింది. అబద్ధం కాదు. సొంత గడ్డ మీద, అదీ ఆఖరి క్యాంపు.

కొంటా నుంచి పన్నెండు కిలోమీటర్లు అడవి లోపలికి, శబరికి కాస్త ఎడంగా ఉన్న దోర్ల ఆదివాసుల ఊరు అది. చేతిపంపులో తుప్పు నీళ్లు వస్తాయి. పైగూడెంలో పాత బావి ఒకటి ఉంది కానీ ఒరుసుకుపోయి, సగం పూడిపోయింది. ఆడవాళ్లు వాగులో చెలమ తీసుకుని, గిన్నెతో తోడి బిందె నింపుకునేవారు. బిందె నిండేసరికి అరగంట. ఆ బావి పూడిక తీసి, ఇంకా లోతు తవ్వి, సిమెంటు వరలు దించాలన్నది మా పని. వానలు పడేలోపు అయిపోవాలి. వానలు పడితే తవ్విందంతా మళ్లీ కూలుతుంది.

ఆ ఊళ్లో మా సంస్థ తరఫున పని చేసేది ఆ ఊరి కోడలే. ముప్పై ఏళ్లుంటాయి. పదో తరగతి దాకా చదివింది, మూడు భాషలు గలగలా మాట్లాడేది. సైకిలు మీద ఊళ్లు తిరిగేది. పరాయి దేశం పిల్లల్ని ఊళ్లోకి రానివ్వడానికి పెద్దలు మొదట ఒప్పుకోలేదు. "వాళ్ల సంగతి నేను చూసుకుంట, తప్పు జరిగితే నన్నడగండ్రి" అని ఆమె మాట ఇచ్చాక ఒప్పుకున్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కథంతా ఇందులోనే ఉంది.

మే నెల మొదట్లో ఏడుగురు దిగారు. వాళ్లలో ముందుండి నడిపించేది ఒక జర్మనీ అమ్మాయి. ఇరవై రెండేళ్లు, మనిషి వెదురుబొంగులా పొడవు, ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుంది. బడి గదుల్లో బస. దిగిన మర్నాడే పారలు పట్టుకుని తయారయ్యారు. ఊళ్లో చూస్తే మనుషుల్లేరు. తెల్లారకముందే ఊరు ఊరంతా బీడీల తునికాకు కోతకు పోయింది! ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఆ ఏడాది ఏప్రిల్లో వడగళ్లు పడి ఆకు ఆలస్యమైంది. నేను మాత్రం జనవరిలో ఆఫీసులో కూర్చుని, పాత లెక్కన తేదీలు వేసి, కింద దర్జాగా సంతకం పెట్టాను, వడగళ్లు పడ్డాక కూడా వాటిని మార్చాలని తట్టలేదు.

సరే, బావి తవ్వడానికి మనుషులు లేరు కాబట్టి వాలంటీర్లు కూడా ఆకుకే పోయారు. ఆ పదిహేను రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చీకటితో లేవడం, అడవిలో వంగి వంగి కోయడం, పదకొండింటికల్లా మొహాలు కందగడ్డలై తిరిగి రావడం. తర్వాత వాకిట్లో అందరూ కూర్చుని ఆకుల్ని యాభైకొక కట్ట చొప్పున కట్టాలి. మా పిల్లలు కట్టిన కట్టలు ఎత్తగానే ఊడిపోయేవి. ఆకు కొనే కల్లం దగ్గర లెక్కరాసే మున్షీ వాటిని వేరే కుప్ప వేయించి, "యే విదేశీ మాల్ హై" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. జర్మనీ అమ్మాయి మాత్రం పంతం పట్టి, మా ఉద్యోగిని అత్తగారి పక్కన కూర్చుని, నాలుగో రోజుకు గట్టి కట్ట కట్టింది. ఆ ముసలమ్మకు ఈ పిల్ల భాష రాదు, ఈ పిల్లకు ఆమె భాష రాదు. ఇద్దరూ రోజంతా కబుర్లు చెప్పుకునేవారు. ఒకరి మాట ఒకరికి చెప్పమని నన్నెప్పుడూ అడగలేదు. సాయంత్రాలు జావ, మామిడికాయ పచ్చడి, నడిచిపోయి శబరిలో స్నానాలు. నా ఉద్యోగంలో అంత కలివిడిగా గడిచిన ఎండాకాలం ఇంకొకటి లేదు.

ఆకు ముగిసేసరికి క్యాంపుకు ఇంక పది రోజులే మిగిలాయి. బావిలో ఒక్క తట్ట మట్టి కూడా తీయలేదు. ఈలోగా రాయ్‌పూర్‌లోని మా పెద్దాఫీసు నుంచి ఫోన్. శుక్రవారం పెద్ద సార్లు, డబ్బు సాయం చేసే వాళ్లు క్యాంపు చూడటానికి వస్తున్నారట. పనిలో పనిగా నాకు శాలువా కప్పి సన్మానం కూడా చేస్తారట. "పని జరుగుతూ కనిపించాలి, ఫోటోలు కావాలి. వచ్చే ఏడాది అటువైపు క్యాంపు ఉంటుందా లేదా అన్నది దీన్నిబట్టే" అన్నారు.

గురువారం సాయంత్రం మా ఉద్యోగిని సైకిలు తొక్కుకుంటూ బడి దగ్గరికి వచ్చింది. చెమటలు తుడుచుకోకుండానే మొదలుపెట్టింది.

"సార్, పెద్దోళ్లు ఇప్పుడే బైఠక్ కూసున్నరు. ఆకు అయిపోయింది గద, రేపటి నుంచే భూమి పండగ పెట్టిన్రు. మూడు దినాలు. పిల్లలకు చెప్పుండ్రి, పారలు ముట్టొద్దని."

ఈ పండుగకు క్యాలెండర్లో తేదీ ఉండదు. విత్తనాలు వేసేముందు ఊరి పెద్దలు కూర్చుని వీలు చూసి పెట్టుకుంటారు. ఆ మూడు రోజులూ భూమికి ఇనుము తగలకూడదు. దున్నరు, తవ్వరు, గుంజ కూడా పాతరు. నేను చిన్నప్పటి నుంచీ ఎరిగిన సంగతే. ఆ మూడు రోజులూ మా కొట్లో మేకులు, గడ్డపారలు ఎవరూ కొనేవారు కాదు.

"మూడు రోజులు ఆగితే ఎట్లమ్మా? రేపు పొద్దున సార్లు వస్తున్నారు" అన్నాను.

"రానీయుండ్రి. చాయ్ పొయ్యుండ్రి. పండగ చూసి పోతరు."

"అయినా మనం భూమిని తవ్వడం లేదు కదా. బావిలో పడ్డ మట్టే పైకి తీస్తున్నాం. అది పూడిక."

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఏంది సార్ గట్లంటరు? బావి భూమి కాదా?"

"నేను చూసుకుంటాలే. ఊరి పూజారితో మాట్లాడతాను" అని పంపేశాను.

పూజారి దగ్గరికి పోలేదు. పోతే వద్దంటాడని తెలుసు. అడగకపోతే వద్దన్న మాట ఉండదు కదా. అరవై ఏళ్ల బుర్రకు తట్టిన తెలివి అది.

శుక్రవారం పొద్దున్నే పిల్లల్ని బావి దగ్గరికి తీసుకెళ్లాను. పండుగ సంగతి చెప్పలేదు. ఊళ్లో మగవాళ్లు తెల్లవారుజామునే పండుగ వేటకని అడవికి పోయారు, ఆడవాళ్లు పూజారి వాకిట్లో ఉన్నారు. పైగూడెం ఖాళీగా ఉంది. నా పని ఇంకా సులువైంది. జర్మనీ అమ్మాయే ముందుగా బావిలోకి దిగి గడ్డపార వేసింది. తొమ్మిదింటికి కార్లు వచ్చాయి. ఫోటోలు తీశారు, శాలువా కప్పారు, నా గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పారు. "ఈ ప్రాంతం నాడి తెలిసిన మనిషి" అన్నారు. పదకొండింటికల్లా వెళ్లిపోయారు.

కార్ల దుమ్ము సద్దుమణగకముందే బిందెతో వాగుకు పోతున్న ఒక పిల్ల మమ్మల్ని చూసి, బిందె అక్కడే వదిలి పరుగెత్తింది. కాసేపటికి పూజారి వచ్చాడు. డెబ్బై దాటినవాడు. వెనకాల పాతికమంది ఆడవాళ్లు. అరుస్తారనుకున్నాను. పూజారి గట్టు మీద నిలబడి, పైకి తీసిన మట్టికుప్పను చూశాడు.

"ఆ ఇనుము పక్కకు పెట్టుండ్రి" అన్నాడు అంతే.

పిల్లలకు భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. అమ్మాయి బావిలోంచి పైకి వచ్చి, "ఏం తప్పు చేశాం?" అని అడిగింది. చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. "ఈ రోజు తవ్వకూడదని మీకు తెలియదా?"

"తెలియదు" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

ఆ సాయంత్రం వేట నుంచి మగవాళ్లు తిరిగొచ్చాక పూజారి వాకిట్లో కూర్చున్నారు. మమ్మల్నీ పిలిచారు. వాలంటీర్లు ఒక వారగా తలలు వంచుకుని కూర్చున్నారు. ఒక పెద్దమనిషి ఉన్నదున్నట్టు అడిగాడు.

"వీళ్లు పరదేశమోళ్లు. తెల్వక చేసిన్రా, తెలిసి చేసిన్రా? తెలిసి చేస్తే రేపు పొద్దుగాల్ల ఊరు దాటాలె. తెల్వకుంటే, చెప్పాల్సినోళ్లు ఎవరు?"

నేను లేచాను. చెప్పేద్దామనే లేచాను. నోరు తెరిచేసరికి మాత్రం వేరే మాటలు వచ్చాయి. పండుగ తేదీ మారడం గురించి, సమాచారం సరిగా అందకపోవడం గురించి, మీటింగుల్లో మాట్లాడినట్టు ఏదేదో మాట్లాడాను. నాకే అర్థం కాలేదు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా ఉద్యోగిని లేచి నిలబడింది.

"చెప్పాల్సింది నేను. నేనే చెప్పలే" అంది.

నేను కూర్చున్నాను. అవును, ఆమె లేవగానే నేను కూర్చున్నాను.

పెద్దలు చాలాసేపు మాట్లాడుకుని తేల్చారు. మూడో రోజు ఆ ఇంటికి విత్తనం లేదు. ఇదేమిటో మీకు చెప్పాలి. ఆ పండుగలో ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనాల్లోంచి కొన్ని దొప్పలో పోసి పూజారికి ఇస్తారు. ఆయన అన్నీ ఒకచోట కలిపి, పూజ చేసి, మూడో రోజు మళ్లీ ఇంటింటికీ దోసెడు పంచుతాడు. ఆ దోసెడు కలుపుకున్నాకే ఎవరైనా పొలంలో చల్లుతారు. అది అందని ఇల్లు ఆ ఏడాది చల్లదు. ఎవరూ ఆపరు, కొట్టరు. తమంతట తామే చల్లరు. ఒక ఏడాది పంట అన్నమాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే బాగుంటుంది. పట్టింది. నా మీద గౌరవంతో ఆమె ఆ నింద వేసుకుందనీ, రిటైరయ్యేముందు నా పరువు పోకూడదనుకుందనీ, తర్వాత ఆమెకు ఏదో ఒక మేలు చేద్దామనీ అనుకుంటూ హాయిగా నిద్రపోయాను.

మర్నాడు వాళ్లింటికి పోయాను. ఆమె భర్త వాకిట్లో తాడు పేనుతున్నాడు. తలెత్తలేదు. ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన అడ్డాకు దొప్ప, అందులో వడ్లు. పూజారి వాళ్ల దొప్ప వెనక్కి పంపించాడు. ముసలమ్మ ఆ వడ్లను మళ్లీ గుమ్మిలో పోయలేక, బయటపెట్టలేక, చేత్తో కెలుకుతూ కూర్చుంది. నన్ను చూసి, "సావుకారీ, మా కోడలు ఎన్నడూ ఏ మాటా మరువదయ్యా. ఈ మాటెట్ల మరిచిందో" అంది.

కోడలు లోపలి నుంచి వచ్చింది. "చాయ్ తాగుతరా సార్?" అంది. ఎప్పుడూ అడిగినట్టే అడిగింది.

చాయ్ తాగాను. గ్లాసు కింద పెట్టి లేచాను. తిరిగొస్తుంటే దారంతా ఆ ముసలమ్మ వేళ్లే కళ్లముందు కదిలాయి. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆ రాత్రి మాత్రం నిద్రపోలేదు.

మూడో రోజు పొద్దున ఊరంతా పూజారి వాకిట్లో చేరింది. చాప మీద విత్తనాల రాశి. ఒక్కో ఇంటి పేరూ పిలుస్తుంటే ఆడమనిషి వచ్చి కొంగు పడుతోంది. మా ఉద్యోగిని, అత్తగారు దడి అవతల నిలబడ్డారు. వాలంటీర్లు కూడా వచ్చారు. నేను లేచి పూజారి ముందుకు పోయి నిలబడ్డాను.

"పెద్దయ్యా, ఆమె చెప్పింది. గురువారం పొద్దు గూకక ముందే సైకిలు మీద వచ్చి చెప్పింది. వద్దని కూడా అంది. నేనే వినలేదు. పిల్లలకు తెలియదు, నేను దాచిపెట్టాను. మొన్న అందరి ముందూ అడిగినప్పుడు నోరు మూసుకున్నాను."

పూజారి చేతిలో విత్తనాలు పట్టుకునే నా వైపు చూశాడు. "ఇదే మాట మొన్న చెప్తే నీ సొమ్మేం పోయేది సావుకారీ?"

"పరువు పోతుందనుకున్నాను."

"మరిప్పుడు?"

"పోయింది."

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకెవరో నవ్వారు. పూజారి నవ్వలేదు. పెద్దలతో రెండు మాటలు మాట్లాడి నాకు శిక్ష చెప్పాడు. అమ్మవారికి ఒక కోడి. తీసిన మట్టంతా ఆ రోజే, ఇనుము తగలకుండా, ఉత్త చేతులతో మళ్లీ బావిలో పోయాలి. పండుగ దాటాక మొదటి తట్ట నేనే తీయాలి. ఎవరూ సాయం పట్టకూడదు. తర్వాత దడి వైపు తిరిగి ఆ ఇంటి పేరు పిలిచాడు. ముసలమ్మ పరుగులాంటి నడకతో వచ్చి కొంగు పట్టింది. ఆయన ఒక దోసెడు పోసి, ముసలమ్మ మొహం చూసి, ఇంకో దోసెడు పోశాడు.

బావి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పండుగ మర్నాటి నుంచి ఊరు ఊరంతా మాతో దిగింది. మా పిల్లల క్యాంపు గడువు దాటిపోతే ఇద్దరు టికెట్లు మార్చుకుని మరీ ఉన్నారు. చివరి వర దించిన నాలుగో రోజున వాన పడింది. ఇప్పుడు పైగూడెం ఆ నీళ్లే తాగుతోంది. రాయ్‌పూర్‌కు జరిగిందంతా రాసి పంపాను. వాళ్లు ఏమీ అనలేదు, ఆ ఫోటోలు మాత్రం ఎక్కడా వేయలేదు.

ఇక ఆ మూడో రోజు మధ్యాహ్నం. ఎండ పెటపెటలాడుతుంటే నేను దోసిళ్లతో మట్టి ఎత్తి బావిలో పోస్తున్నాను. ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగింది, గోళ్లు చీలాయి. పిల్లలు గట్టుకు దూరంగా కూర్చుని చూస్తున్నారు. జర్మనీ అమ్మాయి ఆ పొద్దుటి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాకిట్లో నేనేం చెప్పానో ఆమెకు ఇంగ్లీషులో చెప్పాల్సిన మనిషిని కూడా నేనే. చెప్పాను, విని మొహం తిప్పుకుంది. కోపం రావాల్సిందే.

మా ఉద్యోగిని నాకు మంచినీళ్లు తెచ్చింది. అమ్మాయి లేచి ఆమె దగ్గరికి వచ్చింది. "అక్కా" అని, ఆపైన మాటలు రాక నా వైపు తిరిగింది. "అడగండి. మీ కోసం ఎందుకు అబద్ధం చెప్పింది? సాగు పోతుందని తెలిసి కూడా ఎందుకు చెప్పింది?"

అడిగాను. నా మీద గౌరవం అంటుందనుకున్నాను. సిగ్గు లేకుండా దానికి మొహం కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆమె నా వైపు చూడలేదు, ఆ అమ్మాయినే చూస్తూ చెప్పింది.

"సార్ కోసమేంది? సార్ చెప్పడని ఆయన మొగం చూస్తేనే తెలిసిపోయింది. ఎవరో ఒకరు చెప్పకుంటే తెల్లారి మిమ్మల్ని ఊరు దాటిస్తుండిరి. మీకేం తెలుసు, బిడ్డలు! మా అత్త నిన్ను చూసుకుని మురుస్తాంది. బావి పనీ ఆగిపోతుండె. అందుకని లేచిన."

ఏమందని అమ్మాయి నన్ను అడిగింది. ఇద్దరి మధ్య నిలబడి మాటలు చేరవేసేవాడికి కొంచెం అటూ ఇటూ చేసి చెప్పే వీలు ఎప్పుడూ ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆ వీలు బాగానే వాడుకున్నాను. ఆమె తెచ్చిన నీళ్లు తాగాను. తర్వాత ఆమె అన్నది అన్నట్టే, నా మొహం గురించి అన్న మాట కూడా వదలకుండా, మొత్తం ఇంగ్లీషులో చెప్పాను.